గీత గీసిన చోట

నవంబరు 4, 1771, సోమవారం

ఇవాళ కూడా తిప్పి పంపేశారు.

టపా తెచ్చే ఉర్సులా గుమ్మంలో నిలబడి ఉంది. నాన్న నాకన్నా ముందే వెళ్ళి ఉత్తరం అందుకున్నారు. ఆయనకి ఇప్పుడు కుడికంటి కొసన మాత్రమే చూపు మిగిలింది కాబట్టి కాగితాన్ని చెవి దాకా తీసుకెళ్ళి, తల తిప్పి, పక్కచూపుతో పై రాత చూశారు. చూసీ చూడగానే తిరిగి ఆమె చేతిలో పెట్టేశారు.

"ఇది మాకు అక్కర్లేదు. పట్టుకెళ్ళు."

"నార్విచ్ నుంచండీ. మీ చిన్నమ్మాయిగారు..."

"నాకు ఒక్కతే కూతురు. ఇదిగో, నీ ఎదురుగానే ఉంది."

ఉర్సులా నా వైపు తిరిగింది. "పెద్దమ్మాయిగారూ, పదహారేళ్ళుగా ఈ వీధిలో ఉత్తరాలు పంచుతున్నా. ఇన్ని వెనక్కి మోయించిన ఇల్లు ఇదొక్కటే. కూతురి మీద లేకపోతే పోయె, నా మోకాళ్ళ మీదైనా జాలి చూపించమనండి" అంది, ఆయనకి బాగా వినబడేట్టు.

ఏప్రిల్ నుంచి ఇది తొమ్మిదోది.

నవంబరు 5

ఫీబీ రాత మరీ ఇరుకు. ఎవరైనా పొరబడతారు.

నవంబరు 19, మంగళవారం

నార్విచ్ సరుకుల బండిలో నాకొక మూట వచ్చింది. ఫీబీ మొగుడు సైలస్ నేసిన బట్ట ముక్కలు, వాటి మడతలో దాని చీటీ. నాన్న షెడ్డులో ఉన్నప్పుడు చదువుకున్నాను.

"అక్కా, మార్చి మొదటి వారంలో అంటోంది మంత్రసాని. నాకు ముప్పై ఒకటి నిండాయి, ఇదే మొదటి కాన్పు. ఆవిడ నా పొట్ట మీద చెయ్యి వేసి ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోతోంది. సైలస్ ముందు నవ్వుతూ తిరుగుతున్నాను గానీ నాకు చాలా భయంగా ఉంది. నాన్నతో ఒక్క మాట కలపకుండా ఆ మంచం ఎక్కలేను. నువ్వు తలుచుకుంటే అవుతుంది."

నేను తలుచుకుంటే అవుతుందట. అవుతుంది. మార్చి లోపల నాన్న దాని ఉత్తరం చివరిదాకా వింటారు. ఇక్కడ రాసి పెడుతున్నాను. రేపు నాకు ధైర్యం జారితే ఈ పేజీ చూసుకుని సిగ్గుపడాలి.

నవంబరు 20

భోజనాల దగ్గర "ఫీబీ" అన్నాను. ఆ పేరు వినగానే నాన్న చెంచా కింద పెట్టి షెడ్డులోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఒళ్ళు మండి ఆయన పిండి ఉండలు కూడా నేనే తినేశాను, పులుసుతో సహా.

నవంబరు 24, ఆదివారం

చర్చిలో పాదిరిగారి భార్య మిసెస్ పాస్క్ నా పక్కనే కూర్చుని, "చెల్లెలి కబుర్లేమైనా ఉన్నాయా డోర్కాస్?" అని అడిగింది. అడగడంలో ఎంత తేనె! ఏప్రిల్‌లో ఆ ఉత్తరం చదివిన రోజు మా బల్ల దగ్గర టీ తాగుతున్నది ఆవిడే. సాయంత్రానికి ఊరంతా పంచింది కూడా ఆవిడే.

అసలు ఇది ఈ ఊళ్ళో అందరి అలవాటూ. ఉత్తరం ఎవరి పేరున వచ్చినా బల్ల దగ్గర పైకి చదవాల్సిందే, వచ్చినవాళ్ళంతా వినాల్సిందే. ఒక్కరికే చెప్పుకోవలసింది ఉంటే రాసేవాళ్ళు ఆ వరుసల పక్కన అంచులో నిలువుగా ఒక గీత గీస్తారు. చదివేవాళ్ళ కన్ను ముందే పరిగెత్తి గీత చూసి, గొంతు తడబడకుండా దాన్ని దాటేయాలి. నాన్న చూపు తగ్గినప్పటి నుంచీ మా ఇంట్లో చదివేది నేనే. బాగా చదువుతానని పేరు.

ఆ రోజు గీత నాకు కనబడలేదు. కిటికీ వెలుతురు కూడా తక్కువగా ఉంది. "అమ్మ పోయే రోజు నాన్న ఏరని మూడుసార్లు అడిగింది. నాన్న సర్ గైల్స్ దొర మేడలో ఆయన కాలి బొటనవేలికి మందు పట్టు వేస్తూ కూర్చున్నారు. అందుకే నా పెళ్ళి సంగతి ముందుగా ఆయనకి చెప్పాలనిపించలేదు." గడగడా చదువుకుంటూ పోయాను. మిసెస్ పాస్క్ కప్పు గాల్లోనే ఆగిపోయింది.

నాన్న లేవలేదు. తన చేత్తో లక్క ముద్ర విరిచిన ఉత్తరాన్ని చివరిదాకా వినకుండా లేవడం ఆయన దృష్టిలో మర్యాద తప్పడం. మిగతా పేజీ అంతా, సైలస్ మగ్గాల గురించి, నార్విచ్ వానల గురించి, కూర్చుని విన్నారు. అప్పుడు లేచారు.

ఇరుకు రాత. అంతే.

డిసెంబరు 2, సోమవారం

దొరికింది! ఇంత మొద్దునేమిటి, ఇన్నాళ్ళూ తట్టలేదు!

ఆయన చేత్తో లక్క విరిస్తే చాలు, చివరిదాకా వింటారు. విరవకపోవడానికి కారణం ఒక్కటే, పైన ఉన్న ఫీబీ రాత. ఆ రాత అక్కడ లేకపోతే? నేను రాయకూడదు, నా రాత కూడా పోల్చుకుంటారు. కానీ పార్లమెంటు సభ్యుడు తన చేత్తో చిరునామా రాసి సంతకం పెట్టిన ఉత్తరాలు ఉచితంగా వస్తాయి కదా, లోపల ఎవరు రాసినా సరే. అందరూ ఆ సంతకాల వెంట పడేది టపా ఖర్చు తప్పుతుందని. నాకు ఖర్చు తప్పక్కర్లేదు, చేతిరాత మారితే చాలు.

మాకు తెలిసిన సభ్యుడు ఒక్కడే. సర్ గైల్స్ ఫెంటన్. ఆయనే.

వెళ్తాను.

డిసెంబరు 6, శుక్రవారం

తొమ్మిదేళ్ళ తర్వాత ఆ మేడ మెట్లు ఎక్కాను. దాని గురించి ఏమీ రాయను.

సర్ గైల్స్ పొయ్యి పక్కన కుడిచెయ్యి దిండు మీద పెట్టుకుని ఉన్నాడు. గౌటు నొప్పి కాలి నుంచి చేతికి పాకిందట. వేళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"సంతకం కావాలా? చూశావా అమ్మాయ్, పార్లమెంటులో నా మాట ఒక్కడూ వినడు గానీ ఈ జిల్లాలో ఆడవాళ్ళందరికీ నా సంతకం కావాలి. చెంచా ఎత్తలేకపోతున్నాను, కలమెలా పట్టను? పోనీ మా గుమస్తా రాసి పెడతాడు."

"కుదరదండీ. చిరునామా మొత్తం తమరి చేత్తోనే ఉండాలి. చట్టం."

"నాకే చట్టం చెబుతున్నావా?"

"తమరు చేసిందేగా అండీ."

పగలబడి నవ్వి, నవ్వినందుకు చెయ్యి కదిలి కేకపెట్టాడు. జనవరిలో పార్లమెంటు మొదలవుతుంది, పదిహేనో తేదీ దాటితే లండన్ వెళ్ళిపోతాడు. ఆ లోపల చెయ్యి నయమైతే రాసిస్తానన్నాడు.

అయితే ఆ చెయ్యి నయం కావలసిందే.

డిసెంబరు 7

నాన్నని అడిగాను. "నాన్నా, గౌటుకి మీరు కట్టే పట్టు ఉంది కదా, అది ఎలా చేస్తారు?"

"ఎవరికి?"

"సర్ గైల్స్‌కి. చేతికి వచ్చింది."

"ముందే చెప్పొద్దూ!" అని లేచి నిలబడ్డారు. మందుల కొట్టు అమ్మేసి నాలుగేళ్ళయింది. ఒక్కరు కూడా ఆయన్ని మందు అడిగిన పాపాన పోలేదు. షెడ్డులో కల్వం తీసి, వేళ్ళతో తడుముకుంటూ, వాసన చూసుకుంటూ ఆకులు వేరుచేసి నూరారు. నూరుతూ పాట పాడారు. సర్ గైల్స్ పేరు వింటే నాన్నకి ఈ ఉత్సాహం ఎప్పుడూ ఉన్నదే. నాకు పళ్ళు కొరుక్కోవాలనిపించింది, ఆయన్ని కావలించుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు.

డిసెంబరు 8 నుంచి 31

రోజు విడిచి రోజు మేడకి నడక. పట్టు తియ్యడం, కడగడం, కొత్తది కట్టడం. ఇరవై నాలుగో తేదీన మంచులో బూటు ఊడింది. గొడ్డు మాంసం తినొద్దన్నాను, పోర్టు ద్రాక్షసారా మానమన్నాను. "మీ నాన్న ఇంత కఠినంగా ఉండేవాడు కాదు" అన్నాడు సర్ గైల్స్. "అవునండీ, మీ దగ్గర ఎప్పుడూ మెత్తగానే ఉండేవారు" అన్నాను. అర్థం కాలేదతనికి.

జనవరి 9, 1772, గురువారం

చెంచా ఎత్తాడు.

జనవరి 14, మంగళవారం

రాశాడు! సామాన్లన్నీ బండికి ఎక్కించేసి, పైకోటు తొడుక్కుని నిలబడి రాశాడు. "మిస్టర్ నథానియేల్ రస్టన్ గారికి" అని, కింద ఊరు, ఆ మూల సంతకం. అక్షరాలు తాగి నడిచినట్టున్నాయి, కానీ ప్రతి అక్షరం అతనిదే. ఆ కాగితాన్ని మూటలో పెట్టి నార్విచ్ బండిలో ఫీబీకి పంపేశాను. "నాన్నకి ఉత్తరం రాసి, ఇదిగో ఈ కాగితంలో మడిచి లక్క వేసి టపాలో వెయ్యి. ఎవరి పేరూ పైన రాయకు" అని చీటీ పెట్టాను.

మార్చికి ఇంకా ఏడు వారాలు.

జనవరి 28, మంగళవారం

వచ్చింది. అంతా నేను అనుకున్నట్టే జరిగింది, ఒక్కటి తప్ప.

నాన్న పక్కచూపుతో ఆ వంకర అక్షరాలు చూశారు, మూలన సంతకం చూశారు, మొహం వెలిగిపోయింది. "డోర్కాస్! సర్ గైల్స్ రాశారు! స్వయంగా, ఆ చేత్తో! మందుకి కృతజ్ఞత చెప్పడానికి లండన్ నుంచి రాశారు!"

నేను ఇది ఊహించలేదు. ఐదు వారాలు ఆ చెయ్యి పట్టుకుని కూర్చుని, నాన్న ఇలా అనుకుంటారని ఒక్కసారైనా తట్టలేదు.

"విప్పండి నాన్నా" అన్నాను.

"ఇలాంటి ఉత్తరం ఒంటరిగా విప్పుతారా ఎవరైనా? గురువారం పాదిరిగారినీ ఆవిడనీ టీకి పిలు. షాజీరా కేకు చెయ్యి."

జనవరి 29

మూడుసార్లు చెప్పబోయాను. ఉత్తరాన్ని అమ్మ బొమ్మ పక్కన నిలబెట్టుకుని మాటిమాటికీ వేళ్ళతో తడుముతున్నారు. కేకు మాడింది. మళ్ళీ చేశాను.

ఏం చేస్తానో నాకు తెలుసు. మార్చి లోపల వింటారని రాశాను కదా.

జనవరి 30, గురువారం

నాన్న ఆదివారపు విగ్గు పెట్టుకున్నారు. పాస్క్ దంపతులు వచ్చారు. నాన్న లక్క విరిచి, కాగితం విప్పి నా చేతికిచ్చి కుర్చీలో వెనక్కి వాలారు.

"ప్రియమైన నాన్నకు" అని ఉంది. ఆయన మొహం చూశాను. నోరు దానంతటదే తెరుచుకుంది.

"మిస్టర్ రస్టన్ గారికి. తమరి హస్తవాసి వల్ల నా చెయ్యి మళ్ళీ..." అని మొదలుపెట్టాను. నాలుగు వరుసలు అల్లాను. ఎంత చక్కగా అల్లానంటే పాదిరిగారు తల ఊపారు, మిసెస్ పాస్క్ "అబ్బ, ఎంత మర్యాదస్తుడు!" అంది. నాన్న కళ్ళు మూసుకుని చిన్నపిల్లాడిలా నవ్వుతున్నారు. నా నోరు అబద్ధాలు చదువుతుంటే కన్ను మాత్రం అలవాటు కొద్దీ ముందుకి పరిగెత్తింది. అక్కడ ఇలా ఉంది:

"నాన్నా, ఏప్రిల్‌లో అక్క మీద మీరు కోప్పడలేదు కదా? దాని తప్పు లేదు. నాది ఇరుకు రాత, దానికి గీత కనబడి ఉండదు. అందుకే ఈసారి పెద్ద అక్షరాలతో, ఎడంగా రాశాను."

నిజంగానే పెద్ద అక్షరాలు. పేజీకి పది వరుసలే. చిన్నపిల్లలకి రాసిచ్చినట్టు రాసింది, నా కోసం.

చదవడం ఆపేశాను.

"ఏమిటి, చెదిరిందా సిరా?" అన్నారు నాన్న.

"ఇది సర్ గైల్స్ ఉత్తరం కాదు నాన్నా. పైన రాసింది ఆయన, నేను రాయించాను. లోపలిది ఫీబీది."

మిసెస్ పాస్క్ కప్పు మళ్ళీ గాల్లో ఆగింది. పాదిరిగారు టోపీ అందుకుంటూ, "మేమింక బయల్దేరతాం" అన్నారు.

"కూర్చోండి" అన్నారు నాన్న. అంత గట్టిగా ఆయన గొంతు విని ఎన్నేళ్ళయిందో. "ఆ రోజు మీ ముందే విన్నాను. ఇవాళ కూడా మీ ముందే." తర్వాత నా వైపు తిరిగారు. "ఆ రోజు అంచులో గీత ఉందా?"

"ఉంది."

"చూశావా?"

కిటికీ వెలుతురు గురించి చెబుదామనుకున్నాను. తొమ్మిది నెలలుగా ఈ పుస్తకానికి చెబుతున్నదే. అది నోటికి రాలేదు.

"చూశాను. చూసే చదివాను."

"ఎందుకు?"

"అమ్మ పోయే రోజు మిమ్మల్ని పిలవడానికి ఆ మేడకి పరిగెత్తుకొచ్చింది నేను. 'ఈ కట్టు కట్టేసి వస్తాను' అన్నారు. ఆ మెట్ల మీద నిలబడ్డాను. మీరు కట్టు కట్టారు, విప్పారు, మళ్ళీ కట్టారు. ఆ మాట మీతో అనాలని ఎన్నో ఏళ్ళు అనుకున్నాను, ధైర్యం చాలలేదు. అది ఫీబీ రాతలో కనబడింది. చదివేశాను."

ఆయన బల్ల మీద గుడ్డ అంచు సర్దారు, మళ్ళీ సర్దారు.

"అయితే అది నీకు చెప్పుకుంది. నాకు వినిపించింది నువ్వు."

"అవును."

"నేను ఇన్నాళ్ళూ తప్పు చెయ్యని పిల్ల ఉత్తరాలు తిప్పి పంపాను."

ఇక్కడ నాకు ఏడుపొచ్చింది. ఆయన ఆగలేదు. "లక్క విరిచింది నేను. చదువు. మొదటి నుంచి."

చదివాను. మార్చి గురించి, మంత్రసాని గురించి, భయం గురించి. "అమ్మ గురించి రాసింది అబద్ధమని రాయలేను నాన్నా. కానీ సగమే రాశాను. అక్క మీ కోసం పరిగెత్తాక గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. మూడోసారి అడిగి, అమ్మ నవ్వింది. 'పోనీలే, ఎవరి నొప్పో తగ్గిస్తున్నాడు' అంది. ఆ మాట అప్పుడే మీకు చెప్పవలసింది. కోపంతో దాచుకున్నాను. రేపు నాకేమైనా అయితే ఆ మాట నాతోనే పోతుంది. అందుకే రాస్తున్నాను."

నాకూ తెలియని మాట అది. నా గొంతులోనే మొదటిసారి విన్నాను.

చివరిదాకా విని, నాన్న లేచారు. అమ్మ బొమ్మ దగ్గరికి వెళ్ళి గోడ వైపు తిరిగి నిలబడ్డారు. మిసెస్ పాస్క్ కళ్ళు తుడుచుకుంటోంది. ఈ కథ కూడా ఊరంతా పంచుతుంది, పంచుకోనీ.

జనవరి 31

నాన్న నాతో మాట్లాడలేదు. నేను కూడా ఆయన వెంటపడలేదు. నేను చేసింది చిన్న తప్పు కాదు. చేశాను, చెప్పాను, ఇక ఆయన ఇష్టం.

ఇరుకు రాత కాదు. ఇంకెప్పుడూ ఆ మాట రాయను.

ఫిబ్రవరి 3, సోమవారం

టిఫిను కాగానే కాగితం, కలం అడిగారు. ఎప్పటిలాగే చెబితే నేను రాద్దామని కూర్చోబోయాను.

"నువ్వు కాదు. నేను."

నాలుగేళ్ళుగా ఆయన కలం పట్టలేదు. తల పక్కకి వాల్చి, చెంప బల్లకి ఆనించి, గంటన్నర రాశారు. దూరం నుంచి చూస్తే వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. తనే మడిచారు. తనే లక్క కరిగించి, బొటనవేలు కాల్చుకున్నారు.

"ఒక్కసారి చూస్తాను నాన్నా, దానికి అర్థమవుతుందో లేదో."

"గీత గీశాను" అన్నారు.

"ఎక్కడ?"

"మొత్తం కాగితానికి."

పైన చిరునామా మాత్రం నా చేత రాయించారు. "మిసెస్ ఫీబీ కెట్" అని. కెట్ అన్న పేరు ఆయన నోట వినడం అదే మొదటిసారి.

నేనే వెళ్ళి సత్రంలో టపా సంచీలో వేశాను. దారంతా పట్టుకుని నడిచాను. వెలుగుకి ఎత్తి చూడలేదు. ఒక్కసారి ఎత్తాను, చూడలేదు.

ఫిబ్రవరి 20

జవాబు లేదు. వానలకి నార్విచ్ దారి తెగిందంటున్నారు.

మార్చి 2

లేదు.

మార్చి 5

లేదు. నాన్న పొద్దున్నుంచీ గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకున్నారు. చలిగాలి, లోపలికి రమ్మంటే వినరు.

మార్చి 9, సోమవారం

నేను మా ఇంటి మెట్లు దిగుతున్నాను. గుమ్మంలో ఉర్సులా గొంతు వినబడింది.

"నార్విచ్ నుంచండీ. ఈసారి చేతిరాత కొత్తది."

ఫీబీ రాత కాదు. అంటే సైలస్ రాశాడు. దాని ఉత్తరం వాడెందుకు రాయాలి?

నాన్న ఉత్తరం అందుకున్నారు. చెవి దగ్గరికి తీసుకెళ్ళలేదు. వెనక్కి తిప్పి బొటనవేలితో లక్క తడిమారు. చావు కబురైతే నల్ల లక్క వేస్తారు, కానీ రంగు వేలికి తెలియదు.

"ఉర్సులా, లక్క నల్లదా?"

"ఎర్రదే అయ్యా! నల్లది తెచ్చినదాన్నయితే ఇలా పళ్ళికిలించుకుని నిలబడతానా మీ గుమ్మంలో? ఎర్రది, పండు చెర్రీ రంగు."

నాన్న మెల్లిగా కుర్చీలో కూర్చున్నారు. ఉర్సులా సంచీ కింద పెట్టి, "ఇన్ని వెనక్కి మోశాను, ఇదొక్కటి విని వెళ్తా" అని గడపలో చతికిలబడింది. నాన్న లక్క విరిచారు. అది నాలుగు ముక్కలైంది.

సైలస్ నాలుగే వరుసలు రాశాడు. శుక్రవారం తెల్లారి పాప. రెండు రోజులు కష్టపడింది. ఇద్దరూ బతికారు. ఫీబీకి మీ ఉత్తరం ముందే అందింది, మంచం ఎక్కేటప్పుడు కూడా చేతిలో పట్టుకునే ఉంది.

దాని కింద ఫీబీ రాత. నీరసంగా, ఎప్పటిలాగే ఇరుకుగా. పక్కన అంచులో వణికే గీత.

ఆగాను. గొంతు తడబడకుండా దాటేయవలసింది. తడబడ్డాను.

"ఆగావేం?"

"గీత ఉంది నాన్నా. నాకు రాసింది."

"ఎన్ని వరుసలు?"

"రెండున్నర."

ఆయన తల ఊపారు. ఉర్సులా కూడా ఊపింది. ఆ రెండున్నర వరుసలు ఈ పుస్తకంలో కూడా రాయను.

"సరే, దాటి చదువు."

"దాటాక ఏమీ లేదు. సంతకమే."

"అయితే సంతకం చదువు."

"మీ కూతురు, ఫీబీ" అని చదివాను.

ఇంకోసారి చదవమన్నారు.